‘వద్దు’ అనే బటన్ ఏమైపోయింది?

పోయిన నెల క్లయింటుతో కాల్‌లో ఉన్నాను. స్క్రీన్ షేర్ చేసి, డేటాబేస్ మైగ్రేషన్ ఎందుకు ఆలస్యమైందో నానా తంటాలూ పడి వివరిస్తున్నాను. సరిగ్గా అప్పుడే తెర మధ్యలో ఓ పెట్టె ప్రత్యక్షమైంది. నా కంప్యూటర్ పదిహేను నిమిషాల్లో రీస్టార్ట్ అవుతుందట. కింద రెండు బటన్లు. ఒకటి ‘ఇప్పుడే’. రెండోది ‘గంట తర్వాత’. ఈ రెండోది బూడిద రంగులో వెలిసిపోయి ఉంది, అంటే నా వాయిదాల కోటా అయిపోయిందన్నమాట. పిల్ల నచ్చిందా లేదా అని అడక్కుండా, ముహూర్తం పొద్దున పెట్టుకుందామా సాయంత్రం పెట్టుకుందామా అన్నట్టుంది వ్యవహారం. అటువైపు క్లయింటు నవ్వి, మాకూ ఇదే బాధ, రీస్టార్ట్ అయ్యాక మాట్లాడుకుందాం అన్నాడు. ఆలస్యానికి కారణం చెప్పాల్సిన అవసరం ఆ పూటకి తప్పిపోయింది కాబట్టి నాకు కలిసొచ్చిందనే చెప్పాలి :-)

కానీ ఆ పెట్టె నన్ను వదల్లేదు. అప్‌డేట్ వచ్చిందని కాదు నా గోల. అందులో ‘వద్దు’ అన్న మాట లేదు. ఆ తర్వాత వారం రోజులు పనిగట్టుకుని గమనించాను. ఆఫీసు లాప్‌టాప్‌లో, ఇంట్లో, ఫోన్‌లో నన్ను ఏదో ఒకటి అడిగిన ప్రతి పెట్టెలోనూ ‘సరే’ ఉంది, ‘ఇప్పుడు కాదు’ ఉంది, ‘తర్వాత గుర్తు చెయ్యి’ ఉంది. ‘వద్దు’ మాత్రం వెతికితే గానీ దొరకలేదు.

ఇక్కడ నా కులగోత్రాలు చెప్పుకోవడం మర్యాద. నేను లినక్సు వాణ్ణి. 2006లో ఉబుంటు వాళ్ళు ఉచితంగా పోస్టులో పంపే సీడీలు తెప్పించుకుని, డాపర్ డ్రేక్ ఎక్కించి, వైఫై పనిచెయ్యక ఎన్‌డిస్‌ర్యాపర్‌తో రెండు రాత్రులు కుస్తీ పట్టినవాణ్ణి. అంచేత విండోసుని తిట్టడానికి సాకు వెతుకుతున్నాడు వీడు అని మీరనుకుంటే తప్పు పట్టను. కాకపోతే నా ఉద్యోగ జీవితమంతా నడిచింది విండోసు మీదే. ఎక్స్‌పీ అంటే ఇప్పటికీ నాకో మెత్తని చోటుంది. తెలుగు కనపడాలంటే కంట్రోల్ ప్యానెల్లో రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్‌కి వెళ్ళి, కాంప్లెక్స్ స్క్రిప్టుల పక్కన టిక్కు పెట్టాలి, అప్పుడది ఎక్స్‌పీ సీడీ పెట్టమనేది, పెడితే గౌతమి ఫాంటుతో అక్షరాలు తీరుగా కూర్చునేవి. గుర్తుందా? చిరాకైన పనే. కానీ అడిగింది నేను, ఇచ్చింది అది. టిక్కు తీసేస్తే తీసేసినట్టే ఉండేది.

ఇంతకీ ‘వద్దు’ ఎప్పుడు పోయిందని అడిగితే నేను 2015 అంటాను. ఆ ఏడు జూలై 29న విండోస్ 10 వచ్చింది. పాత విండోస్ 7, 8.1 వాళ్ళకి ఏడాది పాటు ఉచితం అన్నారు. బానే ఉంది. ఆ సంగతి చెప్పడానికి గడియారం పక్కన ఓ చిన్న తెల్ల కిటికీ బొమ్మ వచ్చి కూర్చుంది. అది మామూలు అప్‌డేట్ల మూటలోనే వచ్చింది, కేబీ 3035583 అన్న నంబరుతో. 2016 ఫిబ్రవరిలో ఆ అప్‌గ్రేడ్‌నే ‘రికమెండెడ్’ అప్‌డేట్ల జాబితాలో చేర్చారు. మే నెలకొచ్చేసరికి ఇంకో ముచ్చట. పెట్టె మూలనున్న ఇంటూ గుర్తు నొక్కి మూసేస్తే, దానర్థం ‘వద్దు’ కాదు, అది చూపించిన టైముకి అప్‌గ్రేడ్ చేసెయ్యమని! ఇరవయ్యేళ్ళుగా జనాలకి ఇంటూ గుర్తంటే ‘పో’ అని నేర్పినవాళ్ళే దాని అర్థం మార్చేశారు. కాలిఫోర్నియాలో ట్రావెల్ ఏజెన్సీ నడుపుకునే ఒకావిడ, తనడక్కుండా మొదలైన అప్‌గ్రేడ్ వల్ల ఆఫీసు కంప్యూటర్ పనికిరాకుండా పోయిందని కేసు వేసి పదివేల డాలర్లు గెల్చుకుంది. ఆ 2016 జూన్ చివర్లో గానీ ఆ పెట్టెలో ‘ఉచిత ఆఫరు నాకు వద్దు’ అన్న మాట రాలేదు. ఆఫరు ముగిసేది జూలై 29న!

ఇప్పుడు మా బాబాయ్ సంగతి చెప్పాలి.

బాబాయ్‌కి తెనాల్లో ఫోటో స్టూడియో ఉంది. ఫిల్ము రోజుల నుంచీ ఉంది. డిజిటల్ వచ్చాక ఫోటోషాప్ ఆయనే నేర్చుకున్నాడు. పెళ్ళి ఆల్బమ్‌లో వధూవరుల వెనకాల సముద్రం, పైన మేఘాల్లోంచి మళ్ళీ వాళ్ళే తొంగి చూడటం, ఇదంతా ఆయన చేతి పనే. విండోస్ 7 పెట్టిన బ్రాండెడ్ మిషనొకటి ఉండేది. 2016 వేసవిలో రోజుకోసారి ఫోను. “ఏందిరా అబ్బాయ్, మళ్ళా వచ్చింది ఆ పెట్టె. ఏం నొక్కమంటావ్?” నేను ఆఫీసులో బిల్డు ఫెయిలై ఏడుస్తుంటే ఆయనక్కడ మౌసు పట్టుకుని కదలకుండా కూర్చునేవాడు, ఏది నొక్కితే ఏమవుతుందోనని. ఇంటూ నొక్కు బాబాయ్ అన్న నోటితోనే, మే తర్వాత, వద్దొద్దు ఇంటూ కూడా నొక్కకు అన్నాను. “మరి అదెందుకురా అక్కడ?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

సరే, ఆ ఒక్క కేబీని దాచేద్దామని రిమోట్‌లో వెళ్ళి ‘హైడ్’ చేశాను. కొన్నాళ్ళకి అదే నంబరుతో కొత్త వెర్షనొచ్చి మళ్ళీ జాబితాలో కూర్చుంది. మళ్ళీ దాచాను. మళ్ళీ వచ్చింది. మూడోసారికి నాకు ఒళ్ళు మండింది. సెట్టింగుల్లోకి వెళ్ళి, ‘అప్‌డేట్ల కోసం ఎప్పుడూ చూడవద్దు’ అని పెట్టేశాను. పక్కనే బ్రాకెట్లో ‘ఇది మంచిది కాదు’ అని రాసుంది. చదివాను. చదివే నొక్కాను. “ఇంక రాదు బాబాయ్” అన్నాను. ఆయన చాలా సంతోషించాడు. నిజంగానే ఇంక రాలేదు.

2017 మార్చి 14న విండోసులో ఫైల్ షేరింగ్‌కి సంబంధించిన ఒక పెద్ద కన్నానికి ప్యాచ్ వచ్చింది. బాబాయ్ మిషనుకి రాలేదు, నేను రానివ్వలేదు కాబట్టి. మే 12, శుక్రవారం. వానాక్రై పేరు మీరు వినే ఉంటారు. మధ్యాహ్నం మొదలైంది. 150 దేశాల్లో రెండు లక్షల పైచిలుకు మిషన్లంటారు, వాటిలో చాలా భాగం విండోస్ 7వే. ఇంగ్లండులో ఆస్పత్రులు ఆగిపోయాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా పడ్డాయి. బాబాయ్ స్టూడియోకి వచ్చింది ఊళ్ళో కేబుల్ వాళ్ళ ఇంటర్నెట్. మధ్యలో రౌటర్ కూడా లేదు, తీగ నేరుగా మిషన్ వెనక్కే. సాయంత్రం ఆరింటికి ఫోను. “ఏదో ఎర్ర పెట్టె వచ్చిందిరా. గడియారం తిరుగుతోంది. మూడొందల డాలర్లు అడుగుతోంది. డాలరెంతుంది ఇప్పుడు?”

పోస్టరుకి డబ్బులడిగినట్టు అడిగాడు. దాదాపు ఇరవై వేలు అని చెప్పాను. కట్టినా ఫైళ్ళు వస్తాయన్న నమ్మకం లేదని కూడా చెప్పాను. అదే రాత్రి ఇంగ్లండులో ఒక కుర్రాడు, ఆ వైరస్ వెతుక్కుంటున్న ఒక పేరులేని డొమైనుని పది డాలర్ల పైచిలుకు పెట్టి రిజిస్టర్ చేస్తే దాని వ్యాప్తి చాలామటుకు ఆగిపోయింది. అప్పటికి బాబాయ్ జేపీజీలు, పీఎస్‌డీలు అన్నీ పోయాయి. ప్రింటయిపోయిన ఆల్బమ్‌లకి బెంగ లేదు, అవి ఇళ్ళల్లో బీరువాల్లో ఉన్నాయి. ఇంకా ప్రింటుకి పంపనివి ఏడు పెళ్ళిళ్ళు. కెమెరా కార్డుల మీద అప్పటికే తర్వాతి ఫంక్షన్లు ఎక్కేశాయి. బ్యాకప్ డిస్కు ఉంది, కానీ అదెప్పుడూ ఆ మిషనుకే తగిలించి ఉండేది, దానితోపాటే అదీ పోయింది.

ఆ ఏడింటిలో ఒక పెళ్ళి దగ్గర పెళ్ళికూతురి తండ్రి, పెళ్ళయిన నెలకి పోయారు. ఆ అమ్మాయి ఫోటోల కోసం రెండుసార్లు వచ్చి వెళ్ళిందట, నాన్నగారి ఫోటో ఒకటి పెద్దది చేయించుకుందామని. బాబాయ్ అడ్వాన్సు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళి చెప్పొచ్చాడు. ఏమన్నారు వాళ్ళు అని నేనడిగితే, “ఏమంటారురా” అన్నాడంతే. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ సెట్టింగు నేనే మార్చానని ఆయనకి తెలుసో లేదో ఇప్పటికీ నాకు తెలీదు. నేను చెప్పలేదు. ఇదిగో, ఇక్కడ మొదటిసారి చెప్తున్నాను.

కాబట్టి అప్‌డేట్లు దండగ, అన్నీ ఆపెయ్యండి అనే వీరుణ్ణి కాను నేను. అలా ఆపేస్తే ఏమవుతుందో చూసినవాణ్ణి. కానీ నేను ఆపింది ఎందుకు? కన్నం పూడ్చే ప్యాచ్, అమ్ముకునే సరుకు ఒకే మూటలో, ఒకే తలుపులోంచి వచ్చాయి కాబట్టి. సరుకు వద్దని తలుపు మూస్తే మందు కూడా బయటే ఉండిపోయింది. తలుపు మూసిన తప్పు నాదే, అందులో సందేహం లేదు. మూటలు కట్టినవాళ్ళు మాత్రం వాడకందారు సెక్యూరిటీ పట్టించుకోడని ఇప్పటికీ పాఠాలు చెప్తూనే ఉన్నారు, అదే నా మంట.

పరుల సంగతి ఎందుకు, నా సంగతి చూడండి. నాలుగు కంపెనీల కిందటి మాట. టైమ్‌షీట్ల అప్లికేషన్ ఒకటి చేసేవాళ్ళం, ఆఫీసుల్లో వాడేది. కొత్త స్క్రీను తయారుచేశాం. అందంగా ఉంది, తెరుచుకోవడానికే తెగ ఆలస్యం. ‘కొత్త స్క్రీనుకి మారతారా?’ అని అడిగి ‘ఎస్’, ‘నో’ పెట్టాం. జనాలు కసిగా ‘నో’ నొక్కారు. మేనేజరు పిలిచి, ‘నో’ బదులు ‘నాట్ నౌ’ పెడితే పోలా అన్నాడు. అదేమన్నా పెద్ద పనా? స్ట్రింగు మార్చాను. తర్వాత ఇంకో పని చేశాను, నిజానికి అసలు పని అది. ఎవరు వద్దన్నారో గుర్తుపెట్టుకోవడానికి టేబుల్లో ఒక కాలమ్ ఉండేది. దాన్ని డ్రాప్ చేశాను. బటన్ మీద ఏం రాసుందన్నది పై పూత మాత్రమేనండీ. వద్దన్న మాట దాచుకునే చోటు లేకపోతే ‘వద్దు’ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా మర్నాడు పొద్దున మళ్ళీ అడుగుతుంది. రెండు నెలల్లో అందరూ కొత్త స్క్రీనుకి మారిపోయారు. ప్రెజెంటేషన్లో గ్రాఫు పైకి పోయింది. నాకు మగ్గు, సర్టిఫికెట్టు ఇచ్చారు. ఆ మగ్గులో ఇప్పుడు పెన్నులు పెట్టుకుంటున్నాను.

మా ఆఫీసులోనే అకౌంట్సులో ఒక పెద్దావిడ ఉండేవారు. మా సరుకు మేమే వాడాలి కదా, ఆవిడకీ అదే టైమ్‌షీటు. ఒకరోజు లిఫ్టులో కనపడి, “బాబూ, నేను వద్దన్నానని దానికి ఎన్నిసార్లు చెప్పాలి?” అన్నారు. నేను చేశానని ఆవిడకి తెలీదు. టీమ్‌కి చెప్తానండీ అన్నాను.

అడక్కుండా చెయ్యడం ఇళ్ళ దాకా, ఆఫీసు గుమాస్తాల దాకానే ఆగితే కొంత నయం. 2024 జూలై 19, శుక్రవారం గుర్తు చేసుకోండి. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ పంపిన ఒక చిన్న ఫైలు, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల విండోస్ మిషన్లని నీలి తెర మీద నిలబెట్టింది. మన టైములో పొద్దున తొమ్మిదీ నలభై ప్రాంతంలో వదిలారు, డెబ్బై ఎనిమిది నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు. ఈలోపు అయ్యేదంతా అయింది. హైదరాబాదు విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసుల ఫోటోలు అప్పట్లో అందరం చూసుకుని నవ్వుకున్నాం. నన్ను నిలబెట్టిన సంగతి వేరే. చాలా కంపెనీల అడ్మిన్లు ముందుజాగ్రత్తగా, కొత్త వెర్షన్ వెంటనే వద్దు, ఒక వెర్షన్ వెనకాలే ఉంటాం అని సెట్టింగు పెట్టుకున్నారు. ఆ సెట్టింగు వర్తించేది సాఫ్ట్‌వేర్ వెర్షన్లకి మాత్రమే. ఈ రకం కంటెంట్ ఫైళ్ళకి వర్తించదు. అంటే అడ్మిన్‌కి కూడా ‘వద్దు’ బటన్ లేదు, ఉందనుకున్నాడంతే. ఆ దెబ్బ తర్వాతే ఆ ఫైళ్ళు ఎప్పుడు తీసుకోవాలో ఎంచుకునే వీలు కస్టమర్లకి ఇస్తామన్నారు. తర్వాత ఒక్కొక్క మిషనూ సేఫ్ మోడ్‌లో తెరిచి ఆ ఫైలు చెరిపినవాళ్ళు మాత్రం మనలాంటి సపోర్టు కుర్రాళ్ళే.

ఇక మా లినక్సు వాళ్ళు పత్తిత్తులా అంటే, అదీ లేదు. 2012 అక్టోబర్లో ఉబుంటు 12.10 వచ్చినప్పుడు, నా కంప్యూటర్లో నేను ఫైలు వెతుక్కుంటుంటే పక్కన అమెజాన్ సరుకులు చూపించింది. ఆపుకునే స్విచ్చి ఉంది గానీ, మొదటినుంచీ వేసే ఉంచారు. ఆ స్విచ్చి దానంతటది ఆఫ్‌లో రావడానికి 2016 దాకా పట్టింది. ఇప్పుడు అదే ఉబుంటులో క్రోమియం కావాలని ఆప్ట్‌తో అడిగితే స్నాప్ తెచ్చి పెడుతుంది. కాఫీ అడిగితే, తెస్తున్నా అని చెప్పి హార్లిక్స్ చేతిలో పెట్టినట్టు. హార్లిక్స్ మంచిదే కావచ్చు. నేనడిగింది అది కాదే!

నా మట్టుకు నేను ఇంట్లో డెబియన్ స్టేబుల్, దాని మీద ఎక్స్‌ఎఫ్‌సీఈ పెట్టుకుని పడి ఉన్నాను. చూడ్డానికి 2005 నాటి డెస్క్‌టాప్‌లా ఉంటుందని మా ఆవిడ వెక్కిరిస్తుంది. దాంట్లో నాకు నచ్చింది అందం కాదు. సెక్యూరిటీ ప్యాచ్‌లకి వేరే రిపాజిటరీ ఉంటుంది. చాలామటుకు ప్యాకేజీల్లో కన్నం పడితే కొత్త వెర్షన్ తోసెయ్యకుండా, ఉన్న వెర్షన్లోనే ఆ కన్నం పూడ్చి పంపుతారు. అంచేత దాన్ని ఆటోమేటిక్‌గా వదిలేశాను. రాత్రిపూట అదేం చేసుకున్నా నాకు అభ్యంతరం లేదు, పొద్దున లేచేసరికి నా మెనూలు నా మెనూల్లాగే ఉంటాయని తెలుసు కాబట్టి. ‘ఎప్పుడూ చూడవద్దు’ నొక్కిన చేత్తోనే ఇది చేశాను, చూశారా.

అందరూ డెబియన్‌కి మారండని చెప్పను. బాబాయ్‌కి గింప్ చూపిస్తే పది నిమిషాలు మర్యాదగా చూసి, “బానే ఉంది గానీ ఫోటోషాప్ ఎక్కడుందిరా ఇందులో?” అన్నాడు. ఆయన పనికి విండోసే కావాలి. 2017లో ఆ గొడవయ్యాక ఇంటెల్ ఏడో తరం ప్రాసెసర్‌తో కొత్త మిషన్ కొన్నాం, విండోస్ 10. నాలుగేళ్ళు తిరక్కుండానే, 2021 అక్టోబర్లో వచ్చిన విండోస్ 11, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచీ అంది, ఏడో తరంలో ఏవో కొన్ని తప్ప. బాబాయ్‌ది ఆ కొన్నిట్లో లేదు. మిషన్ గుర్రంలా పరిగెడుతోంది. అయినా పనికిరాదు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు అయిపోయింది. ఇంకో ఏడాది, 2026 అక్టోబర్ 13 దాకా, సెక్యూరిటీ ప్యాచ్‌లు కావాలంటే విడిగా నమోదు చేసుకోవాలి. దానికి వాళ్ళ ఖాతాతో లాగిన్ అయ్యి సెట్టింగులు వాళ్ళ దగ్గర దాచుకోనివ్వాలి, లేదా వాళ్ళ రివార్డు పాయింట్లు వెయ్యి, లేదా ముప్ఫై డాలర్లు. చూడండి, ఎట్టకేలకి ప్యాచ్ మూట వేరుగా కట్టారు. కట్టి, దాని మీద ధర వేశారు.

ఆ వారంలోనే బాబాయ్ ఫోను. ఎనిమిదేళ్ళు గడిచినా అదే గొంతు.

“ఏదో పెట్టె వచ్చిందిరా. ఏం నొక్కమంటావ్?”

“ఏమీ నొక్కకు బాబాయ్. శనివారం నేనే వస్తున్నా.”

“నేను నొక్కకపోతే ఊరుకుంటుందా అది?”

“శనివారం దాకా ఊరుకుంటుందిలే.”

సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగు టీబీ డిస్కులు రెండు కొని రాత్రి రైలెక్కాను. ముందు ఫోటోలన్నీ ఒకదానిలోకి, అవే మళ్ళీ రెండోదానిలోకి, తర్వాత ఖాతా తెరిచి నమోదు, ఆ తర్వాత డిస్కులు మిషన్ నుంచి తీసేసి ఒకటి స్టూడియో బీరువాలో, ఇంకోటి మా పిన్ని పట్టుచీరల మధ్యలో. అదీ ప్లాను. పదకొండేళ్ళ పెళ్ళిళ్ళు కాదు, 2017 తర్వాతవే, అయినా కాపీ అవ్వడానికి సాయంత్రం దాకా పట్టింది. బాబాయ్ షట్టరు సగం దించి, పక్కన కుర్చీ వేసుకుని ఆ పచ్చ గీత జరగడం చూస్తూ కూర్చున్నాడు. మధ్యలో ఓసారి, “ఆ అమ్మాయి ఫోటోలు ఇంక రావు కదూ?” అన్నాడు. ఎవరని నేనడగలేదు.